నాలుగు మాటలు సరిచేయడానికి ఏడు మెట్లు

ప్రశ్న: పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని మేము ముగ్గురు మిత్రులం ఆరేళ్లుగా నిర్వహిస్తున్నాము. కోడ్ రాసేవారు అప్పుడప్పుడైనా వస్తున్నారు గాని, డాక్యుమెంటేషన్‌ను (వాడుక వివరణ పేజీలను) సరిచేయడానికి ఎవరూ రావడం లేదు. మా నిబంధనల పత్రాన్ని ఒక పెద్ద ప్రాజెక్టును చూసి రాసుకున్నాము. ఎంత చిన్న మార్పుకైనా ముందుగా ఇష్యూ (సమస్యను తెలిపే నమోదు) తెరవాలి, హక్కుల ఒప్పందం మీద సంతకం చేయాలి, పేజీలన్నిటినీ స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ పనిముట్టుతో తమ కంప్యూటర్‌లో బిల్డ్ చేసి (తుది రూపంలోకి తెచ్చి) చూసుకోవాలి, ఇంగ్లీషు పేజీని మారిస్తే తెలుగు పేజీని కూడా మార్చాలి, కమిట్ సందేశం (ప్రతి మార్పుకూ జతచేసే చిన్న వివరణ) నిర్ణీత రూపంలో ఉండాలి, పరీక్షలన్నీ నెగ్గాలి, ఇద్దరు నిర్వాహకులు ఆమోదించాలి. కడపలో డీటీపీ పని చేసే ఒకాయన ఐదు నెలల క్రితం మా ఇన్‌స్టాలేషన్ పేజీలో నాలుగు మాటలు సరిచేసి పంపారు. మా బాట్ (వచ్చిన మార్పులను తనంత తానే తనిఖీ చేసే ప్రోగ్రాము) ఆయనను సంతకం అడిగింది, ఒక వరుస ఎనభై అక్షరాలు దాటిందని ఎర్ర గుర్తు పెట్టింది. ఆయన మళ్లీ రాలేదు. నిబంధనలు సడలిద్దామని నేను అంటున్నాను. డాక్యుమెంటేషన్‌ను కోడ్‌తో సమానంగా చూడాలనీ, ఒకసారి తలుపు తెరిస్తే చెత్తంతా లోపలికి వస్తుందనీ మిగతా ఇద్దరూ అంటున్నారు. ఎవరి మాట సరైనది?
– ఒక నిర్వాహకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ ఉత్తరం చదువుతూ "ఆయన మళ్లీ రాలేదు" అన్న చోట నేను కొంతసేపు ఆగిపోయాను. ఆయన అసలు ఎందుకు వచ్చారో ఆలోచిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. డీటీపీ పని చేసే మనిషి మీ లైబ్రరీకి సేవ చేయాలన్న సంకల్పంతో ఆ పేజీ తెరిచి ఉండరు. ఆయన ముందు పాత ఫాంటులో ఉన్న పుస్తకమో, సంచిక ఫైలో ఏదో ఒకటి ఉండి ఉంటుంది, దాని గడువు నెత్తి మీద ఉండి ఉంటుంది. మీరు రాసినట్టే చేస్తే పని జరగలేదు. ఏవో తంటాలు పడి సరైన దారి కనుక్కున్నారు. తన వెనుక వచ్చేవారికి ఆ తంటా ఉండకూడదని నాలుగు మాటలు మార్చి పంపారు. అలాంటి మనిషి మీ కోసం కేటాయించగలిగేది పది నిమిషాలు. ఆ వాక్యం రాసింది మీరే కాబట్టి అందులోని లోపం మీ కంటికి ఆనదు. వారం గడిస్తే ఆయనకూ ఆనదు, ఎందుకంటే అప్పటికి ఆయనకు దారి అలవాటైపోతుంది. అంటే ఆ లోపం కనిపించేది ఒక్కరికే, అదీ ఒక్క పూట మాత్రమే. ఆ పూటలోనే దాన్ని మీరు అందుకోగలగాలి. మీ ఏడు మెట్లలో ప్రతిదానినీ ఈ కొలతతోనే చూడమని నా సలహా: ఈ మెట్టు ఆ పది నిమిషాల్లో పడుతుందా, పడకపోతే ఆ పనిని ఆయన దగ్గర తీసుకుని మీరో, మీ యంత్రమో చేయలేరా?

ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. కోడ్‌ను ఉంచి పంచుకునే సైటు గిట్‌హబ్ 2017లో జరిపిన ఓపెన్ సోర్స్ సర్వేలో 93 శాతం మంది అసంపూర్ణమైన లేదా కాలం చెల్లిన డాక్యుమెంటేషన్‌ను తాము ఎదుర్కొనే సమస్యగా చెప్పారు. అదే సర్వేలో తోడ్పాటు అందించేవారిలో 60 శాతం మంది తాము డాక్యుమెంటేషన్‌కు ఎప్పుడో తప్ప, లేదా ఎన్నడూ, ఏమీ రాయలేదని అన్నారు. ఈ రెండు అంకెలకు మధ్య ఉన్న దూరాన్ని జనం బద్ధకం కింద జమకట్టడం సులువు. నేను మాత్రం అందులో మన గుమ్మాల వాటా కూడా పెద్దదేనని అనుకుంటాను. నాలుగేళ్ల క్రితం ఒక ప్రాజెక్టు పేజీలో తప్పుగా ఉన్న ఒక ఆదేశాన్ని సరిచేయబోయి, వాళ్ల బిల్డ్ సామగ్రి నా కంప్యూటర్‌లో ఎక్కించుకోవడానికే ఒక సాయంత్రం ఖర్చు చేసి, చివరకు ఆ సవరణ పంపకుండానే పడుకున్నవాణ్ణి నేను. ఆ తప్పు అక్కడ ఇప్పటికీ ఉందో లేదో వెళ్లి చూడాలని కూడా నాకు అనిపించలేదు.

ఇక మీ మిత్రుల మాట. "కోడ్‌తో సమానంగా" అన్న వాదం ఊరికే పుట్టలేదు, దానికి గౌరవించదగిన చరిత్ర ఉంది. వివరణ అంతా వర్డ్ ఫైళ్లలోనో, వేరే ఎక్కడో ఉన్న వికీలోనో, ఒక్క మనిషి దగ్గరో ఉండిపోయి, కోడ్ ఒక దారిన, రాత మరో దారిన పోయే అవస్థను తప్పించడానికి వచ్చినదే "డాక్స్ యాజ్ కోడ్" అన్న పద్ధతి. రాతను మామూలు టెక్స్ట్‌గా కోడ్ పక్కనే ఉంచాలి, దాని చరిత్ర కూడా మార్పులను నమోదు చేసే గిట్‌లోనే ఉండాలి, రెండో మనిషి చూశాకే చేర్చుకోవాలి అన్నది దాని సారం. ఈ మూడింటిలో దేన్నీ వదులుకోమని నేను అనను. అయితే ఒకే ఇంట్లో ఉంచడం వేరు, ఒకే తాళం వేయడం వేరు. కోడ్‌లో ఒక అక్షరం తప్పితే దాని మీద ఆధారపడిన పది ప్రోగ్రాములు ఆగిపోవచ్చు, ఆ సంగతి నెల తరువాత తెలియవచ్చు. వాక్యంలో ఒక మాట సరిగా పడకపోతే దానిని వెనక్కు తిప్పడం ఒక నిమిషం పని. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తిన తరువాత గోరు చూపడానికి ఎవరూ రావడం లేదని బాధపడి లాభం లేదు.

మీరు వాడే స్ఫింక్స్ పుట్టుక కథే మీ మిత్రులకు ఒక జవాబు. పైథాన్ డాక్యుమెంటేషన్ చాలాకాలం లేటెక్ అనే రాత రూపంలో ఉండేది. దానిని అంతకంటే చదవడానికి, రాయడానికి తేలికైన రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్‌లోకి మార్చే క్రమంలో జార్జ్ బ్రాండ్ల్ స్ఫింక్స్‌ను తయారుచేసి 2008లో విడుదల చేశారు. అంత శ్రమపడి కొత్త పనిముట్టు తెచ్చుకున్నవారే, తమ మార్గదర్శిలో మాత్రం ఆ రూపంలో రాయడం ఇష్టం లేనివారు మామూలు టెక్స్ట్‌లో రాసి పంపినా సంతోషంగా తీసుకుంటామనీ, ఇక్కడున్న నియమాల వివరణ మీకూ మీరు చేయదలచిన సాయానికీ మధ్య అడ్డు కాకూడదనీ రాసుకున్నారు. లినక్స్ కెర్నెల్ 2016లో డాక్‌బుక్ అనే బరువైన రాత రూపం నుంచి స్ఫింక్స్ వైపు కదలడం, ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 2021లో తన పుస్తకాలను డాక్‌బుక్ నుంచి తేలికైన ఆస్కీడాక్‌కు మార్చుకోవడం కూడా ఈ దిశలోవే. కోడ్ విషయంలో ఎంతో పట్టుదలగా ఉండే ఈ ప్రాజెక్టులు రాత విషయంలో మాత్రం రాసేవారి చేతికి అందేలా తమను తాము వంచుకుంటూ వచ్చాయి.

మీ మెట్లను ఇప్పుడు ఒక్కొక్కటిగా చూద్దాము. కొన్నిటికి రెండు మాటలు చాలు, కొన్నిటి దగ్గర కాస్త ఆగాలి.

ముందుగా ఇష్యూ తెరవాలన్న నియమాన్ని చిన్న సవరణలకు ఈ రోజే తీసివేయవచ్చు. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో చిన్నపాటి డాక్యుమెంటేషన్ మార్పులకు ట్రాక్‌లో (వారి ఇష్యూల జాబితాలో) టికెట్ అక్కరలేదు. పైథాన్‌లోనూ అక్షరదోషం వంటి వాటికి ఇష్యూ అడగరు. చేయాలా వద్దా అని చర్చించవలసిన పని అయితేనే ముందు చర్చ కావాలి. తప్పు స్పష్టంగా కళ్ల ముందు కనిపిస్తున్నప్పుడు సవరణే చర్చ.

హక్కుల ఒప్పందం దగ్గర మనవారు చాలామంది భయపడతారు, చట్టం మాట వినగానే సడలింపు ఆలోచనే మానుకుంటారు. కాపీహక్కుల పత్రాల విషయంలో అందరికంటే కఠినంగా ఉండే గ్నూ ప్రాజెక్టు తన నిర్వాహకులకు ఇచ్చిన సూచనలను ఒకసారి చూడండి. సుమారు 15 వరుసలకు లోపు ఉన్న మార్పును కాపీహక్కు దృష్టితో లెక్కలోకి వచ్చేదిగా వారు పరిగణించరు, దానికి పత్రాలు అడగరు. అంతటివారే వదిలేసిన నాలుగు మాటలకు మీరు ఒప్పందం అడగవలసిన అవసరం నాకు కనిపించడం లేదు. పెద్ద రచనలకైనా ఒప్పందం బదులు, లినక్స్ కెర్నెల్ 2004 నుంచి వాడుతున్న పద్ధతిని, అంటే ఈ మార్పును ఇచ్చే హక్కు నాకుంది అని కమిట్ చివర ఒక్క వరుసతో ధ్రువీకరించే పద్ధతిని, పరిశీలించండి. బ్రౌజర్‌లో చేసే కమిట్లకు ఆ వరుసను తానే చేర్చే ఏర్పాటును గిట్‌హబ్ 2022లో తెచ్చింది. దానిని పెట్టుకున్న తరువాత, మీ రిపాజిటరీలో (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోట) ఏ అధికారమూ లేని ఇంకొక ఖాతాతో ఒక కామా మార్చి చూడండి. కొత్తగా వచ్చేవారికి ఏమి ఎదురవుతుందో మీకు అప్పుడు తెలుస్తుంది. నిజానికి ఏ నియమాన్ని పెట్టినా ఈ పరీక్ష చేయడం మంచిది. మన ఇంట్లోకి మనం వెనుక తలుపు నుంచి వెళ్తుంటాము, ముందు తలుపు తుప్పు పట్టిన సంగతి మనకు తెలియదు.

పేజీలను తమ కంప్యూటర్‌లో బిల్డ్ చేసుకోమనడం మీ జాబితాలో అన్నిటికంటే బరువైన మెట్టు. దీనికి పైథాన్ ఉండాలి, అందులో సరైన వెర్షన్ ఉండాలి, మీ థీమ్, దాని అనుబంధాలు ఎక్కాలి. డీటీపీ యంత్రంలో వీటిలో ఏదీ ఉండదు. రీడ్ ద డాక్స్ వంటి సేవలు ప్రతి పుల్ రిక్వెస్ట్‌కూ (మార్పును చేర్చుకోమని పంపే అభ్యర్థనకు) ఆ మార్పుతో పేజీలు ఎలా కనిపిస్తాయో విడిగా బిల్డ్ చేసి చూపిస్తాయి. బిల్డ్ చేయడం యంత్రం పని, చూడడం మీ పని, మాట సరిచేయడం ఒక్కటే వచ్చినవారి పని. పెద్ద అధ్యాయం రాసేవారికి బిల్డ్ పద్ధతి అవసరమే, దానిని వేరే పేజీలో ఉంచండి.

పరీక్షల దగ్గర ఒక చిక్కు ఉంది, దానిలో చాలామంది పడుతుంటారు. డాక్యుమెంటేషన్ ఫోల్డరు మాత్రమే మారినప్పుడు కోడ్ పరీక్షలు నడవనక్కర లేదని పరీక్షలను తానే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఆ దారిని మినహాయిస్తారు. అంతా బాగానే ఉందనుకుంటారు. కాని ఆ పరీక్షను తప్పనిసరి అని కూడా గుర్తించి ఉంటే, అసలు మొదలే కాని వర్క్‌ఫ్లో (పరీక్షల వరుస) ఫలితం కోసం పుల్ రిక్వెస్ట్ ఎదురుచూస్తూనే ఉండిపోతుంది, మెర్జ్ కాదు, అంటే ప్రాజెక్టులో చేరదు. దీనికి విరుగుడు తేలిక: వర్క్‌ఫ్లోను మొదలవనివ్వండి, అందులోని జాబ్‌కు మాత్రం షరతు పెట్టండి. షరతు వల్ల వదిలేసిన జాబ్‌ను గిట్‌హబ్ నెగ్గినట్టుగానే లెక్కిస్తుంది. మరో సంగతి. మొదటిసారి వచ్చినవారి పుల్ రిక్వెస్ట్‌లో వర్క్‌ఫ్లోలు నిర్వాహకులు అనుమతించేదాకా నడవవు. ఆ యంత్రాలను క్రిప్టో కరెన్సీ తవ్వడానికి వాడుకున్న మోసాల వల్ల 2021లో ఆ కట్టడి వచ్చింది. అందువల్ల కొత్తవారి సవరణ ముందు పసుపు చుక్క కదలకుండా ఉంటే, అది వారు చేయవలసిన పని కాదు, మీరు నొక్కవలసిన బటను. ఆ సంగతి వారికి తెలియదు. తామేదో తప్పు చేశామనుకుని వెళ్లిపోతారు.

ఎనభై అక్షరాల నియమం గురించి నేను కొంచెం కటువుగానే మాట్లాడతాను, ఎందుకంటే మీది తెలుగు కోసం పుట్టిన ప్రాజెక్టు. "స్త్రీ" అన్నది మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. మీ లింటర్ (రాత రూపాన్ని సరిచూసే ప్రోగ్రాము) ఆ ఆరింటినీ ఆరు అక్షరాలుగా లెక్కిస్తోంది. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చడమే వృత్తిగా పెట్టుకున్న మీరు, తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు కొలబద్దతో కొలిచి తెలుగు రాసిన మనిషికి ఎర్ర గుర్తు పెట్టారు. ఇంగ్లీషు పేజీల్లో కూడా ఆ నియమం మేలుకంటే కీడే ఎక్కువ చేస్తుంది: పేరా మొదట్లో ఒక మాట చేర్చితే కింది వరుసలన్నీ జరిగి, మారినది ఒక మాటే అయినా పేరా అంతా మారినట్టు కనిపిస్తుంది. ప్రతి వాక్యాన్నీ కొత్త వరుసలో మొదలుపెట్టమని బెల్ ల్యాబ్స్‌లో బ్రయన్ కెర్నిహన్ 1974లోనే సలహా ఇచ్చారు. వాక్యానికి ఒక వరుస అనుకుంటే ఏ వాక్యం మారిందో ఆ వాక్యమే డిఫ్‌లో (పాత, కొత్త రూపాల మధ్య తేడాలో) కనిపిస్తుంది. అయితే దీనిని కూడా అలవాటుగా మీరు పాటించండి, వచ్చినవారికి నియమంగా చెప్పకండి.

రెండు భాషల పేజీలూ కలిపి మార్చాలన్న నియమం మంచి ఉద్దేశంతో పెట్టినదే, ఫలితం మాత్రం రెండు పేజీలూ తప్పుతోనే మిగలడం. తెలుగు బాగా వచ్చి ఇంగ్లీషులో రాయడానికి జంకేవారు ఉంటారు, విదేశాల్లో పెరిగి ఇంగ్లీషులో తప్ప రాయలేని తెలుగు పిల్లలు ఉంటారు. మీ నియమం ఇద్దరినీ ఆపుతుంది. ఎన్నో భాషల్లో డాక్యుమెంటేషన్ ఉన్న కుబర్నెటీస్ ప్రాజెక్టు దీనికి పూర్తిగా తలకిందులైన నియమం పెట్టుకుంది. ఒక పుల్ రిక్వెస్ట్‌లో ఒకే భాషను ముట్టుకోవాలి. ఏ భాషను చూసేవారు ఆ భాషలో తరువాత సరిచేసుకుంటారు. మీరు కూడా ఇంగ్లీషు పేజీ మారినప్పుడు తెలుగు పేజీకి ఒక గుర్తు పెట్టుకుని నెలకొకసారి కూర్చుని సరిచూసుకోండి.

కమిట్ సందేశం రూపం గురించి ఎవరికీ చెప్పనక్కర లేదు. మెర్జ్ చేసేటప్పుడు కమిట్లన్నీ ఒకటిగా కలిపే పద్ధతి ఎంచుకుంటే ఆ సందేశాన్ని మీరే మీకు కావలసిన రూపంలో రాసుకోవచ్చు. రాతకు ఒక్కరి ఆమోదం చాలు.

మెట్లు తీసివేయడంతో పని పూర్తి కాదు, దారి కనిపించాలి కూడా. మీ ప్రతి పేజీలోనూ "ఈ పేజీని సవరించండి" అన్న లంకె ఉండాలి. స్ఫింక్స్ థీములు చాలావరకు, ఎంకేడాక్స్, డాక్యుసారస్ వంటి ఇతర పనిముట్లు దీనిని ఒకటి రెండు సెట్టింగులతో ఇస్తాయి. నొక్కితే గిట్‌హబ్ ఆ ఫైలును బ్రౌజర్‌లోనే తెరుస్తుంది, ఫోర్క్ (సొంత ప్రతి) ఒక్క నొక్కుతో చేసి ఇస్తుంది, చివర పుల్ రిక్వెస్ట్ దాకా తీసుకువెళ్తుంది. గిట్ అన్న మాట వినని మనిషి కూడా పని ముగించగలడు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైనప్పటి నుంచి దాని పేజీల మీద అలాంటి మీట ఉంది కాబట్టే, ప్రోగ్రామింగ్‌తో సంబంధం లేని ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు కూడా అక్కడ రాయగలుగుతున్నారు. లంకె పెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. అది పాత విడుదల ఫైలుకు కాకుండా మీరు ఇప్పుడు పని చేస్తున్న బ్రాంచికే పోవాలి. ఇక ఫంక్షన్ల వివరణ పేజీలు కోడ్‌లోని వ్యాఖ్యల నుంచి తయారవుతున్నట్లయితే, అక్కడ లంకె నొక్కినవారికి ఒకటి రెండు వరుసల ఖాళీ ఫైలు ఎదురవుతుంది, వారు చదివిన వాక్యం అందులో ఉండదు. అటువంటి పేజీల్లో ఆ లంకె కోడ్ ఫైలుకే పోయేలా చేయండి, లేదా తీసివేయండి.

చెత్త వస్తుందన్న భయం మాటేమిటి? వస్తుంది, ఆ విషయంలో మీ మిత్రులను నేను తప్పుపట్టను. 2014లో మొదలైన హాక్టోబర్‌ఫెస్ట్ అనే, పుల్ రిక్వెస్టులు పంపినవారికి టీషర్టు ఇచ్చే వేడుకలో, 2020 అక్టోబరు మొదటి రోజుల్లోనే, ఆ టీషర్టు కోసం రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ) ఫైళ్లలో పనికిరాని విశేషణాలు చేర్చే పుల్ రిక్వెస్టులు వెల్లువెత్తాయి. నిర్వాహకులు గగ్గోలు పెట్టడంతో, తమంత తాము చేరిన ప్రాజెక్టులనే లెక్కిస్తామని నిర్వహణ సంస్థ ఆ నెల మొదటి వారంలోనే నియమం మార్చింది. 2024లో ఎక్స్‌ప్రెస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ ప్రాజెక్టు రీడ్‌మీలో తమ పేరు చేర్చాలని వరుసగా పుల్ రిక్వెస్టులు వచ్చాయి, వాటిని పంపినవారిలో మన దేశపు విద్యార్థులు చాలామంది ఉన్నారు. ఏదో పాఠంలో ఎలా చేయాలో చూపించడానికి వాడిన రిపాజిటరీని, అభ్యాసం చేయవలసిన చోటు అనుకున్నారు వారు. ఇది మనం సిగ్గుపడవలసిన విషయమే. కాని గమనించండి: ఆ ప్రవాహాన్ని మీ ఏడు మెట్లలో ఏదీ ఆపదు. టీషర్టు కోరినవాడు ఇష్యూ కూడా తెరుస్తాడు, ఒప్పందం మీద కళ్లు మూసుకుని సంతకం కూడా చేస్తాడు. ఆగిపోయేది కడప ఆయనే. చెత్తను ఆపేది మెట్లు కావు, చదివి వద్దనే మనిషి. పాఠకుడికి ఉపయోగం లేని మార్పును వివరణ ఇవ్వకుండా మూసివేసే స్వేచ్ఛను మీకు మీరు ఇచ్చుకోండి, ఆ సంగతి నిబంధనల్లోనే ఒక వాక్యంలో చెప్పండి.

తేలిక చేయడమంటే పరిశీలన మానేయడం కాదనడానికి ఎండీఎన్ మంచి ఉదాహరణ. వెబ్ సాంకేతికతల వివరణలన్నీ ఉండే ఆ చోటు 2005 నుంచి ఎవరైనా నేరుగా మార్చగల వికీగా ఉండి, 2020 డిసెంబరులో గిట్‌హబ్ రిపాజిటరీగా మారింది. అప్పటి నుంచి ప్రతి మార్పునూ ఒకరు చూశాకే చేరుస్తున్నారు. అంటే వారు ఒక గుమ్మం కొత్తగా పెట్టుకున్నారు. అయినా ప్రతి పేజీ అడుగునా సవరణ లంకెను ఉంచారు, పేజీలను క్రమంగా హెచ్‌టీఎంఎల్ నుంచి మార్క్‌డౌన్‌లోకి తెచ్చారు.

ఒక చోట మాత్రం మీరు ఇప్పటికంటే కఠినంగా ఉండాలి, ఇది మీ ముగ్గురూ చర్చించిన విషయంగా నాకు అనిపించలేదు. చదివినవారు కాపీ చేసి తమ యంత్రంలో నడిపే ఆదేశాలు, దిగుమతి చేసుకునే లంకెలు, ప్యాకేజీ పేర్లు, ఫైలు సరిచూసుకునే అంకెలు, ఇవి డాక్యుమెంటేషన్‌లో ఉన్నా స్వభావరీత్యా కోడే. ఇన్‌స్టాలేషన్ ఆదేశంలో ప్యాకేజీ పేరులో ఒక అక్షరం మార్చి, అదే పేరుతో హానికరమైన ప్యాకేజీని వేరే చోట పెట్టడం ఎవరికైనా సాధ్యమే. అక్షరదోష సవరణ వేషంలో వచ్చే మార్పుకు అది అనువైన చోటు. కాబట్టి గీతను వరుసల సంఖ్యను బట్టి గీయకండి. మామూలు వాక్యం ఎంత మారినా ఒక్కరి ఆమోదం చాలు. నడిపే ఆదేశం ఒక్క అక్షరం మారినా ఇద్దరు చూడాలి, ఒకరు నడిపి చూడాలి. మీ మిత్రుల "కోడ్‌తో సమానంగా" అన్న మాట ఇక్కడ నూటికి నూరుపాళ్లు నిజం.

సవరణ వచ్చిన తరువాత మీరు ఎలా మాట్లాడతారన్నది కూడా గుమ్మంలో భాగమే. విషయం సరైనదా కాదా అన్నది మాత్రమే వచ్చినవారిని అడగండి. వాక్యం నడక, విరామ చిహ్నాలు, శీర్షిక రూపం మీకు నచ్చకపోతే వారితో మళ్లీ రాయించకండి, మీరే రాయండి. పుల్ రిక్వెస్ట్ పంపినవారు నిర్వాహకుల సవరణకు అనుమతిస్తే, మామూలుగా ఆ అనుమతి పెట్టే ఉంటుంది, మీరు నేరుగా వారి బ్రాంచిలోనే మార్చవచ్చు. లేదా ఒక్క నొక్కుతో ఒప్పుకోగల సూచనగా రాయవచ్చు. మూడుసార్లు వెనక్కు పంపి నాలుగోసారి చేర్చుకున్న కామా కంటే, మీరు అర నిమిషంలో సరిదిద్ది చేర్చుకున్న కామా ఇద్దరికీ చవక. దీనివల్ల మీ పని పెరుగుతుందన్నది నిజం, దానిని దాచి మీకు సలహా ఇవ్వను. వారానికి ఒక గంట ముగ్గురిలో ఒకరు వంతులవారీగా ఈ పనికే కేటాయించుకుంటే మీ వంటి చిన్న ప్రాజెక్టుకు సరిపోతుంది. కొందరు నిర్వాహకులు కొత్తవారు వచ్చి దిద్దుతారని తెలిసిన తప్పులను కావాలని అట్టే ఉంచుతారు. ఆ తప్పు దిద్దుకునేదాకా దానిలో ఎంతమంది పాఠకులు చిక్కుకుంటారో వారు లెక్కవేసుకోరు. మీరు ఆ పని చేయకండి.

మీ నిబంధనల పత్రం ఎంత పొడవైనా ఉండనివ్వండి, దాని మొదటి పేరా మాత్రం ఇలా ఉంటే బాగుంటుందని నాకు అనిపిస్తోంది, మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు: "ఈ పేజీల్లో తప్పు కనిపిస్తే, పేజీ మీదున్న సవరణ లంకె నొక్కి సరిచేసి పంపండి. ఇష్యూ తెరవనక్కర లేదు, ఒప్పందం అక్కర లేదు, మీ కంప్యూటర్‌లో ఏదీ ఎక్కించనక్కర లేదు. తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక్క భాషలో రాస్తే చాలు, రూపం సంగతి మేము చూసుకుంటాము. ఎలా సరిచేయాలో తెలియకపోతే, ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో మాత్రం రాసి పంపండి. మీరు మార్చినది నడిపే ఆదేశమైతే మేము పరీక్షించి చేరుస్తాము, అందుకు కొంత సమయం పడుతుంది. పాఠకుడికి ఉపయోగపడని మార్పులను వివరణ లేకుండా మూసివేస్తాము." చివరి వాక్యం మీ మిత్రుల కోసం. నాలుగో వాక్యం మీద మాత్రం పట్టుబట్టండి. సరిదిద్దే శక్తి అందరికీ ఉండదు, ఎక్కడ ఆగిపోయారో చెప్పే శక్తి అందరికీ ఉంటుంది, ఆ కబురే మీకు ముఖ్యం.

ఇక ఐదు నెలలుగా తెరిచే ఉన్న ఆ పుల్ రిక్వెస్ట్. ముగ్గురి మధ్యా ఒప్పందం కుదిరేదాకా దానిని ఆపకండి. అది ఇన్‌స్టాలేషన్ పేజీ కాబట్టి, ఆయన మార్చినది వాక్యమా, ఆదేశమా అని ముందు చూడండి. ఆదేశమైతే మీరే ఒకసారి నడిపి చూడండి. నిజమేనని తేలితే వరుస పొడవును మీరే సర్ది, సంతకం కోరే బాట్‌ను పక్కనపెట్టి, ఆయన పేరు మీదనే కమిట్ ఉండేలా మెర్జ్ చేయండి. ఒకవేళ మీరు మళ్లీ రాయవలసి వస్తే, కమిట్ చివర ఆయనను సహరచయితగా చూపే వరుసను చేర్చండి. గిట్‌హబ్ దానిని గుర్తించి ఆయన పేరును కూడా చూపిస్తుంది. ఆ తరువాత అక్కడే తెలుగులో రెండు వాక్యాలు రాయండి: ఆలస్యానికి కారణం మా నియమాలే గాని మీ సవరణ కాదు అని ఒకటి, ఆ పేజీలో ఇంకా ఏ చోట ఇబ్బంది పడ్డారని అడుగుతూ మరొకటి. రెండో దానికి ఆయన జవాబు ఇవ్వకపోవచ్చు. ఇస్తే, ఆ జవాబును తిరిగి పుల్ రిక్వెస్ట్‌గా పంపమని మాత్రం అడగకండి, మీరే రాసి చేర్చండి.